సంజీవదేవ్

సంజీవదేవ్ (1914 జూలై 3 - 1999 ఆగస్టు 25) తెలుగు రచయిత, చిత్రకారుడు, కళావిమర్శకుడు, తత్త్వచింతకుడు. ఇంటిపేరు సూర్యదేవర. గుంటూరు జిల్లా దుగ్గిరాల సమీపంలోని తుమ్మపూడి ఆయన స్వగ్రామం. యౌవనంలో హిమాలయ ప్రాంతాలలో సంచరించి, కులూ లోయలో రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్ కుటుంబానికి సన్నిహితుడయ్యాడు. తరువాత తుమ్మపూడికి తిరిగివచ్చి స్థిరపడ్డాడు. తెలుగు పాఠకులకు ఆయన ప్రధానంగా వ్యాసకర్తగా, ఆత్మకథా రచయితగా, లేఖా రచయితగా పరిచితుడు. ఆయన గీసిన పర్వత దృశ్యాల గురించి తెలిసినవారు తక్కువ. కండ్లయెదుట కొండ లేని డెల్టా గ్రామంలో కూర్చుని, పూర్వం తిరిగిన కొండలను జ్ఞాపకం నుండి చిత్రించడం ఆయన కళాజీవితంలోని ముఖ్య విశేషం.

బాల్యం

సంజీవదేవ్ 1914 జూలై 3న తుమ్మపూడిలో జన్మించాడు. బాల్యం ఎక్కువగా కృష్ణా జిల్లా కోనాయపాలెంలో గడిచింది. విశ్వవిద్యాలయ పట్టాలేవీ ఆయన సంపాదించలేదు. తెలుగు, ఇంగ్లీషు, హిందీ, బెంగాలీ భాషలను, కళాశాస్త్రాన్ని, తత్త్వశాస్త్రాన్ని చాలావరకు స్వయంకృషితోనే నేర్చుకున్నాడు.

తుమ్మపూడి కృష్ణా పశ్చిమ డెల్టాలోని గ్రామం. దుగ్గిరాల పసుపు మార్కెట్టుకు ప్రసిద్ధి. వరిపొలాలు, పసుపు తోటలు, కాలువలు, తాటిచెట్లు తప్ప ఎత్తైనది ఏదీ కనబడని సమతల భూమి అది. కొండ చూడాలంటే ఉండవల్లి, మంగళగిరి వైపు వెళ్ళవలసిందే. ఇటువంటి నేలపై పుట్టినవాడు మంచుకొండలకు చిత్రకారుడు కావడం వింతగా తోచవచ్చు. అయితే నిత్యం కొండల మధ్య పుట్టి పెరిగినవానికి కొండ ఒక విశేషం కాదు. మైదానం నుండి వెళ్ళినవానికే అది మొదటిసారి కనబడుతుంది.

హిమాలయ సంచారం

యౌవనారంభంలోనే సంజీవదేవ్ ఇల్లు విడిచి ఉత్తరాదికి పయనమయ్యాడు. రామకృష్ణ సంప్రదాయపు ఆశ్రమాలలో కొంతకాలం ఉన్నాడు. హిమాలయాలకు వెళ్ళిన యువకులలో అనేకులు సన్యాసం కోరి వెళ్ళినవారే. సంజీవదేవ్ మాత్రం సన్యాసం స్వీకరించలేదు. తరువాతి కాలంలో గృహస్థుగా స్వగ్రామంలోనే జీవించాడు. ఆ కొండలలో ఆయనకు లభించినది వైరాగ్యం కంటే సౌందర్యదృష్టి అనడం సమంజసం.

లక్నోలో చిత్రకారుడు అసిత్ కుమార్ హల్దార్‌తో ఏర్పడిన స్నేహం ఇక్కడ ప్రస్తావించదగినది. హల్దార్ అవనీంద్రనాథ్ టాగూరు శిష్యుడు. 1909-11 మధ్యకాలంలో అజంతా కుడ్యచిత్రాలకు నకళ్ళు తీసిన బృందంలో ఒకడు. 1925లో లక్నో ప్రభుత్వ కళాపాఠశాలకు ప్రిన్సిపాలు అయ్యాడు. ఎదుట ఉన్న వస్తువును చూస్తూ గీయడం నాటి ప్రభుత్వ కళాపాఠశాలల పద్ధతి. చూచినదానిని మనసులో నిలుపుకొని తరువాత గీయాలన్నది అవనీంద్రుని సంప్రదాయం. సంజీవదేవ్ తరువాత అనుసరించిన మార్గం ఈ రెండవదానికే దగ్గర. మహాపండితుడు, యాత్రికుడు రాహుల్ సాంకృత్యాయన్‌తో కూడా ఆయనకు పరిచయం ఉండేది.

కులూ లోయలో

కులూ లోయలో బియాస్ నది ఎడమగట్టున, సముద్రమట్టానికి సుమారు 1,800 మీటర్ల ఎత్తున నగ్గర్ గ్రామం ఉంది. నికొలస్ రోరిక్ (1874-1947) తన చివరి రెండు దశాబ్దాలు అక్కడ గడిపాడు. సంజీవదేవ్ ఆ ఇంట అతిథిగా ఉన్నాడు. రోరిక్ కుమారులలో పెద్దవాడు యూరీ టిబెట్ భాషా పండితుడు. చిన్నవాడు స్వెతొస్లావ్ చిత్రకారుడు, విశాఖపట్నంలోని వాల్తేరులో జన్మించిన నటి దేవికారాణిని 1945లో వివాహమాడాడు.

రోరిక్ పర్వతచిత్రాలు ఎట్లా పుట్టినవో తెలిస్తే సంజీవదేవ్ అక్కడ ఏమి చూచి ఉంటాడో ఊహించవచ్చు. 1925-28 మధ్య రోరిక్ కుటుంబం సిక్కిం, కాశ్మీరు, లడఖ్, కారకోరం, ఖోటాన్, ఆల్టాయ్, మంగోలియా, టిబెట్‌ల మీదుగా దీర్ఘయాత్ర సాగించింది. 1927-28 శీతాకాలంలో టిబెట్ అధికారులు వారిని లాసాకు పోనీయక, ఎత్తైన పీఠభూమిపై సుమారు ఐదు నెలలు గుడారాలలోనే నిలిపివేశారు. బృందంలోని కొందరు మరణించారు. బరువులు మోసే జంతువులలో అధికభాగం చచ్చిపోయాయి. అటువంటి దారిలో పెద్ద చిత్రాలు గీయడానికి వీలు తక్కువ. దారిలో చిన్న అధ్యయనాలు, చిత్తుగీతలు చేసుకొని, వాటినీ జ్ఞాపకాన్నీ ఆధారంగా చేసుకొని ఆయన తరువాత ఎన్నో చిత్రాలు వేశాడు. మొత్తం మీద ఆయన చిత్రాలు ఏడు వేల వరకు ఉంటాయని లెక్క. వాటిలో రాళ్ళ వివరాలు, చెట్ల ఆకులు కనబడవు. నీలం, ఊదా, తెలుపు రంగుల పొరలుగా కొండల వరుసలు ఉంటాయి. ఆ వరుసల మధ్య ఎక్కడో ఒక చిన్న మనిషి లేదా ఒక ఆలయం కనబడుతుంది.

రోరిక్ 1947 డిసెంబరు 13న నగ్గర్‌లోనే మరణించాడు. స్వదేశానికి తిరిగి వెళ్ళాలన్న కోరిక తీరలేదు. రష్యాను గురించి ఆయన చివరి సంవత్సరాలలో వేసిన చిత్రాలు కూడా జ్ఞాపకం నుండి వేసినవే. అంటే, దూరమైన దానిని గీయడంలో గురుశిష్యుల వంటి ఈ ఇద్దరి దారులు కలుస్తాయి. ఒకరు హిమాలయాలలో కూర్చుని రష్యాను, మరొకరు డెల్టాలో కూర్చుని హిమాలయాలను గీశారు. సంజీవదేవ్ రోరిక్ వద్ద క్రమపద్ధతిలో చిత్రలేఖనం అభ్యసించిన శిష్యుడని మాత్రం దీని అర్థం కాదు.

తుమ్మపూడిలో పర్వత చిత్రాలు

నగ్గర్‌కూ తుమ్మపూడికీ నేరుగా కొలిచినా 1,700 కిలోమీటర్లకు పైగా దూరం. తిరిగివచ్చిన తరువాత సంజీవదేవ్ ఇక్కడే ఉండి రాశాడు, చదివాడు, చిత్రాలు వేశాడు. పాస్టెల్, నీటిరంగులు ఆయన వాడిన మాధ్యమాలు. ప్రకృతిదృశ్యాలే ఆయన ప్రధాన వస్తువు.

పాస్టెల్ అంటే రంగుపొడిని కొద్దిపాటి జిగురుతో కలిపి చేసిన కడ్డీ. దీనికి కుంచె, నూనె అక్కరలేదు. ఆరే వరకు వేచి ఉండనక్కరలేదు. మనసులో ఒక దృశ్యం మెదిలినపుడు అది చెదరక ముందే కాగితంపై పెట్టవచ్చు. వేలితో రుద్దితే రెండు రంగులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి అంచు మాయమవుతుంది. మంచు, మేఘం కలిసే చోట కావలసినది ఇదే. అయితే ఇందులో కష్టం కూడా లేకపోలేదు. రంగు కాగితాన్ని గట్టిగా పట్టుకోదు, చేయి తగిలితే రాలుతుంది. తేమ ఎక్కువగా ఉండే డెల్టాలో కాగితానికి బూజు పడుతుంది. అద్దం బిగించి కాపాడకపోతే ఇటువంటి చిత్రాలు ఎక్కువ కాలం నిలవవు.

జ్ఞాపకం నుండి కొండను గీయడంలో మరొక చిక్కు ఉంది. మైదానంలో గాలి దట్టంగా, తేమతో, ధూళితో ఉంటుంది. అందువల్ల దూరాన ఉన్నది మసకగా, నీలంగా కనబడుతుంది. ఎత్తైన ప్రదేశాలలో గాలి పలుచన. అక్కడ ఎంతో దూరాన ఉన్న శిఖరం కూడా అంచులతో సహా స్పష్టంగా కనబడి, చేయి చాస్తే అందుతుందేమో అనిపిస్తుంది. కొత్తగా వెళ్ళిన మైదానవాసి అక్కడ దూరాలను తప్పుగా అంచనా వేస్తాడు. తిరిగివచ్చి ఏళ్ళ తరబడి కాలువగట్టు పొగమంచును చూస్తూ ఉన్న చిత్రకారుని చేతిలో ఈ రెండు ఆకాశాలూ కలిసిపోయే ప్రమాదం ఉంది. ఇది లోపమా, గుణమా అన్నది చూచేవారి అభిరుచిని బట్టి ఉంటుంది. ఆయన కొండలను భౌగోళిక చిత్రాలుగా చూచి, ఇది ఫలానా శిఖరం అని గుర్తుపట్టబోయేవారికి నిరాశ తప్పదు. ఆయన గీసినది కొండ పోలికను కాదు, కొండ తనలో మిగిల్చిన దానిని. ముప్పై ఏళ్ళ తరువాత కూడా మనసులో నిలిచేది రాయి కాదు, వెలుతురు. వివరాలు రాలిపోగా వరుసలు, రంగులు, మధ్యనున్న ఖాళీ మిగులుతాయి.

ఈ పద్ధతికి తూర్పు దేశాలలో పాత ఒరవడి ఉంది. చైనాలో క్రీ.శ. 375-443 మధ్య జీవించిన జోంగ్ బింగ్ అనే చిత్రకారుడు జీవితమంతా పర్వతాలలో తిరిగి, వృద్ధాప్యంలో నడవలేని స్థితి వచ్చినపుడు తాను చూచిన కొండలను తన గది గోడలపై చిత్రించుకొని, పడుకొనే ఆ యాత్రలు మళ్ళీ చేశాడని ప్రసిద్ధి. తరువాతి చైనా చిత్రకారులు కూడా కొండలలో నడిచి, ఇంటికి వచ్చిన తరువాతనే కుంచె పట్టేవారు.

ఆయన చిత్రాల కంటే రచనలకే ఎక్కువ పేరు రావడానికి కారణాలు ఊహించడం కష్టం కాదు. పుస్తకం వేయి ప్రతులుగా ఊరూరికీ చేరుతుంది. కాగితంపై పాస్టెల్ చిత్రం ఒక్కటే ఉంటుంది, అది ఉన్నచోటికి మనిషి వెళ్ళాలి. ఇరవయ్యో శతాబ్దపు తెలుగునాట పల్లెటూరి చిత్రకారుని బొమ్మలు చూపే ప్రదర్శనశాలలు ఎన్ని ఉన్నాయి? రాజమండ్రిలో దామెర్ల రామారావు పేరిట చిత్రశాల వెలిసినట్లు ప్రతి చిత్రకారునికీ అటువంటి చోటు దొరకలేదు.

రచనలు, లేఖలు

సంజీవదేవ్ కళలపై, సౌందర్యశాస్త్రంపై తెలుగులోనూ ఇంగ్లీషులోనూ వ్యాసాలు రాశాడు. ‘దీప్తిధార’, ‘రూపారూపాలు’ ఆయన వ్యాససంపుటాలలో చెప్పుకోదగినవి. చిత్రం చూడటం ఎట్లాగో సామాన్య పాఠకునికి తెలుగులో చెప్పినవారిలో ఆయన ముఖ్యుడు.

లేఖారచన ఆయనకు నిత్యకృత్యం. దేశవిదేశాలలోని కళాకారులతో, రచయితలతో, ముఖపరిచయం లేని యువకులతో కూడా ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపాడు. ఆ లేఖలు తరువాత సంపుటాలుగా వెలువడ్డాయి. ఆయనను చూడటానికి తుమ్మపూడికి వెళ్ళి వచ్చేవారు కూడా ఎప్పుడూ ఉండేవారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనకు కళాప్రపూర్ణ బిరుదునిచ్చి గౌరవించింది.

ఆత్మకథ

ఆత్మకథ ‘తెగిన జ్ఞాపకాలు’, ‘స్మృతిబింబాలు’, ‘గతంలోకి’ అనే మూడు భాగాలుగా వెలువడింది. హిమాలయ సంచారం, రోరిక్ కుటుంబంతో పరిచయం ఇందులో వస్తాయి. కాలక్రమం పట్ల పట్టింపు తక్కువ. ఒక మనిషి, ఒక కొండదారి, ఒక సాయంకాలం అన్నట్లుగా కథనం సాగుతుంది. చిత్రాలలో వివరాలను వదిలి వెలుతురును పట్టుకున్న పద్ధతే ఇక్కడా కనబడుతుంది. పేర్లకూ తేదీలకూ ఈ గ్రంథాన్ని వెదికే విద్యార్థి కొంత ఓపిక పట్టవలసి ఉంటుంది. తరువాతి కాలంలో ఈ మూడు భాగాలనూ కలిపి ‘తుమ్మపూడి’ పేరుతో ఒకే సంపుటంగా తిరుపతిలోని రాజాచంద్ర ఫౌండేషన్ ప్రచురించింది.

మరణం

సంజీవదేవ్ 1999 ఆగస్టు 25న తన 85 ఏళ్ళ వయసులో మరణించాడు. స్వెతొస్లావ్ రోరిక్ అంతకు ఆరేళ్ళ ముందు, 1993లో బెంగళూరులో మరణించాడు. నగ్గర్‌లోని రోరిక్ నివాసం ప్రస్తుతం ప్రదర్శనశాలగా ఉంది. కులూ వెళ్ళే తెలుగు యాత్రికులు అక్కడి గోడలపై పెద్ద రోరిక్ చిత్రాలను చూడవచ్చు.