బెర్తా బెంజ్

బెర్తా బెంజ్ (మే 3, 1849 - మే 5, 1944) జర్మనీకి చెందిన మోటారు వాహన రంగ మార్గదర్శకురాలు. కారు ఆవిష్కర్త కార్ల్ బెంజ్ భార్య. కారులో తొలి దూర ప్రయాణము చేసిన వ్యక్తిగా ఈమె ప్రసిద్ధురాలు.

జీవిత విశేషాలు

ఈమె ఫోర్ట్స్‌హైమ్ పట్టణములో జన్మించినది. 1871లో, వివాహమునకు ముందే, తన కట్నపు సొమ్ముతో కార్ల్ కర్మాగారములోని భాగస్వామి వాటాను కొనిపించినది. 1872లో వీరి వివాహము జరిగినది. 1886లో కార్ల్ తన మూడు చక్రాల వాహనమునకు పేటెంటు పొందినాడు. కాని దానిని కొనుటకు ప్రజలు ముందుకు రాలేదు.

1888 ప్రయాణము

1888 ఆగస్టులో ఈమె భర్తకు ముందుగా తెలుపకుండా, కుమారులు యూజెన్, రిచర్డ్‌లతో మాన్‌హైమ్ నుండి ఫోర్ట్స్‌హైమ్‌లోని పుట్టింటికి సుమారు 106 కి.మీ. ప్రయాణించినది. వాహనమునకు విడిగా ఇంధనపు ట్యాంకు గాని, రిజర్వు గాని లేవు. కార్బురేటరులో పట్టు 4.5 లీటర్లే ఆధారము. పెట్రోలు బంకులు లేని కాలమగుటచే వీస్‌లోఖ్‌లోని మందుల దుకాణములో లిగ్రోయిన్ అను ద్రావకమును కొని నింపినది. ఇంధనపు గొట్టము పూడుకొనగా టోపీ పిన్నుతో శుభ్రపరచినది. బ్రేకు దిమ్మెలు అరిగిపోగా చెప్పులు కుట్టువానిచే తోలు వేయించినది. ఎత్తైన చోట్ల బండిని తోయవలసి వచ్చినది. గమ్యము చేరిన పిమ్మట భర్తకు తంతి పంపినది. కొన్ని రోజుల తరువాత అదే వాహనముపై తిరిగి వచ్చినది.

ఫలితము

కారు దూర ప్రయాణములకు పనికివచ్చునని దీనితో రుజువైనది. ఈ అనుభవము మూలముగా కార్ల్ కొండదారుల కొరకు అదనపు గేరును అమర్చినాడు.

బెర్తా బెంజ్ తన 95వ యేట లాడెన్‌బర్గ్‌లో మరణించినది. ఆమె ప్రయాణించిన మార్గము 2008లో స్మారక మార్గముగా గుర్తింపు పొందినది.