ఆచార్య హాల్డేన్: వ్యాధి, వారసత్వం, మానవ వైవిధ్యం

ఒకే ఇంటిలో ఒకే జ్వరం ప్రవేశించినప్పుడు ఒకరు మూడు రోజులలో లేచి తిరగడం, వేరొకరు నెలల తరబడి మంచం పట్టడం, మరొకరు మరణించడం మానవజాతికి ఎంతో కాలంగా తెలిసిన విషయమే. మశూచి ప్రబలిన రోజులలో తెలుగు పల్లెలలో అమ్మవారు పోసిందని చెప్పుకొనేవారు. బ్రతికినవారిని అమ్మ కరుణించిందనీ, పోయినవారిని తీసుకొనిపోయిందనీ సమాధానపడేవారు. కొందరు దానిని నుదుటి వ్రాత అన్నారు, కొందరు తక్దీరు అన్నారు. ఈ భేదానికి కారణం మనిషి రక్తమాంసాలలోనే, తల్లిదండ్రుల నుండి సంక్రమించిన జన్యువులలో కూడా వెదకవలెనని బోధించిన మహనీయులలో జె.బి.ఎస్. హాల్డేన్ అగ్రగణ్యులు. ఇంగ్లండులో పుట్టి, భారతీయుడుగా మరణించి, తుదకు తన దేహాన్ని ఆంధ్రదేశపు విద్యార్థులకు అప్పగించిన ఆ శాస్త్రవేత్త చరిత్రను మా పాఠకులకు పరిచయం చేయదలచాము.

హాల్డేన్ 1892 నవంబరు 5వ తేదీన ఆక్స్‌ఫర్డులో జన్మించారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియను పరిశోధించిన ప్రఖ్యాత శాస్త్రజ్ఞుడు. గనులలోని విషవాయువులను పరీక్షించడానికి వెళ్లేటప్పుడు ఆయన కుమారుని కూడా వెంట తీసుకొనిపోయేవాడు. పరిశోధకుడు మొదట తన దేహం మీదనే ప్రయోగం చేసుకోవలెనన్న నియమం కుమారునికి ఆ విధంగా అలవడింది. తరువాతి కాలంలో ఆయన ఆమ్లము కలిపిన నీరు త్రాగి రక్తంలోని మార్పులను గమనించారు. 1939లో థీటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది మరణించినప్పుడు, కారణం తెలుసుకొనడానికి తానే ఇరుకు గదిలో మూసి ఉండి చెడుగాలిని పీల్చారు.

ఆశ్చర్యకరమైన విషయమేమంటే, ఆయనకు విజ్ఞానశాస్త్రంలో పట్టమేదీ లేదు. ఆక్స్‌ఫర్డులో గణితమూ, ప్రాచీన గ్రీకు, లాటిను సాహిత్యాలూ అభ్యసించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులోను, మెసపొటేమియాలోను పోరాడి గాయపడి, చికిత్సకు భారతదేశానికి వచ్చారు. ఈ దేశంతో ఆయన తొలి పరిచయం అదే. పిమ్మట 1923లో కేంబ్రిడ్జిలో జీవరసాయన శాస్త్రోపన్యాసకులయ్యారు. 1924 నుండి ప్రకృతివరణాన్ని గణితంలోకి తెచ్చి వరుసగా వ్యాసాలు ప్రకటించారు. ఒక జన్యువు ఏ కొంచెం మేలు చేసినా, అది ఎన్ని తరాలలో ఎంతమందికి వ్యాపిస్తుందో లెక్క కట్టి చూపారు.

1933లో ఆయన లండను యూనివర్సిటీ కళాశాలకు మారారు. అక్కడ పీటర్ గోరర్ అనే యువవైద్యుడు ఆయన వద్ద జన్యుశాస్త్రం నేర్చుకొన్నాడు. మనుషులలో వలె ఎలుకలలో కూడా రక్తవర్గాలు ఉన్నవేమో చూడమని హాల్డేన్ ప్రోత్సహించారు. గోరర్ తన రక్తపు సీరంతోనే పని మొదలుపెట్టి, 1936-37 ప్రాంతంలో, ఒక ఎలుక దేహం మరొక ఎలుక కణాలను స్వీకరించడమో తిరస్కరించడమో నిర్ణయించే గుర్తులను కనిపెట్టాడు. నేడు రోగనిరోధక జన్యువులుగా ప్రసిద్ధిచెందిన గొప్ప సముదాయానికి అది తొలి జాడ. మనుషులలో ఆ సముదాయానికి హెచ్.ఎల్.ఎ. అని పేరు. గోరర్ 1961లో మరణించాడు. ఆ మార్గంలో నడిచిన జార్జి స్నెల్, జాన్ దోసే, బెనసెరాఫ్ అనే శాస్త్రజ్ఞులకు 1980లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ జన్యువులు చేసే పని ఏమిటో వైరస్‌లే చెప్పినవి. పంచాయితీలో సాక్ష్యాన్ని పెద్దల ముందు పెట్టినట్లు, దేహంలోని దాదాపు ప్రతి కణమూ తనలో ఉన్న పదార్థపు తునకలను హెచ్.ఎల్.ఎ. అణువుల చేత పట్టించి పైకి చూపుతూ ఉంటుంది. అందులో వైరస్ తునక కనిపిస్తే రక్షక కణాలు ఆ కణాన్ని నాశనం చేస్తాయి. డోహర్టీ, జింకర్‌నాగెల్ అనే ఇద్దరు 1974లో ఆస్ట్రేలియాలో ఎలుకలపై ఈ సంగతిని నిరూపించి, 1996లో నోబెల్ బహుమతి పొందారు. అయితే ఈ పట్టుకొనే చేతులు అందరికీ ఒకే విధంగా ఉండవు. ఒకరి అణువు ఒక వైరస్ తునకను గట్టిగా పట్టుకొంటుంది, మరొకరిది జారవిడుస్తుంది. హెచ్.ఐ.వి. సోకినవారిలో బి-57 అనే రకం కలవారికి వ్యాధి మెల్లగా ముదరడానికి ఇదే కారణం.

ఈ వివరాలేవీ తెలియని కాలంలోనే, 1949లో, వ్యాధి, పరిణామం అనే విషయంపై ఇటలీ పత్రికలో హాల్డేన్ ఒక చిన్న వ్యాసం ప్రకటించారు. మానవజాతిని మలచినవాటిలో అంటువ్యాధులు ప్రధానమైనవని ఆయన సిద్ధాంతం. సూక్ష్మజీవి ఎక్కువమందిలో ఉన్న లక్షణానికి అలవాటు పడుతుంది. కావున అరుదైన లక్షణం కలవాడు తప్పించుకొంటాడు. అతని సంతతి పెరిగి ఆ లక్షణం సామాన్యమైనప్పుడు పరిస్థితి తారుమారవుతుంది. కనుక అన్ని రోగాలకూ ఉత్తమమైన జన్యువు అనేది ఎక్కడా లేదు. మధ్యధరా ప్రాంతంలో కనిపించే తలసీమియా అనే రక్తదోషం ఒక పాలు మాత్రమే సంక్రమించినవారిని మలేరియా నుండి కాపాడుతుందని 1948-49లలోనే ఆయన ఊహించారు. కొడవలి కణ లక్షణం విషయంలో ఇటువంటి రక్షణనే 1954లో ఆంథొనీ ఆలిసన్ ఆఫ్రికాలో నిరూపించాడు. ఆ లక్షణం మన విశాఖ మన్యంలోని గిరిజనులలో కూడా ఉన్నది.

1957లో హాల్డేన్, భార్య హెలెన్ స్పర్వేతో కలిసి స్వదేశాన్ని విడిచి, మహలనోబిస్ గారి ఆహ్వానంపై కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థకు వచ్చారు. అంతకుముందు సంవత్సరం సూయజ్‌పై బ్రిటను జరిపిన దాడిని ఆయన నిరసించారు. ఇక్కడ కుర్తా ధరించి, శాకాహారియై, భారత పౌరసత్వం స్వీకరించారు. పిఠాపురంలో జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయనకు శిష్యులయ్యారు. ద్రోణంరాజు, డాక్టర్ పి. మీరాఖాన్ కలిసి ఆంధ్రదేశంలోని మేనరికాలను, మేనమామ వివాహాలను పరిశీలించి, 1960, 1963 సంవత్సరాలలో వ్యాసాలు ప్రకటించారు. బుచ్చయ్యపేట, చోడవరం ప్రాంతాల విద్యార్థులకు ఇది పరాయి విషయం కాదు. తల్లి వైపు నుండి ఒకటి, తండ్రి వైపు నుండి ఒకటి చొప్పున మనకు రెండు వరుసల హెచ్.ఎల్.ఎ. జన్యువులు వస్తాయి. దగ్గరి బంధువుల వివాహంలో రెండు వరుసలూ ఒకటే అయ్యే అవకాశం హెచ్చు. అప్పుడు వైరస్ తునకలను పట్టుకొనే చేతుల వైవిధ్యం తగ్గుతుంది. అరుదైన రోగనిరోధక లోపాలు బయటపడే అవకాశమూ పెరుగుతుంది.

హాల్డేన్ ఊహ ఎంత దూరదృష్టి కలదో కోవిడ్ కాలంలో లోకానికి తెలిసింది. వైరస్ సోకగానే దేహం హెచ్చరికగా విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్‌కు సంబంధించిన జన్యువులలో లోపాలు, తీవ్రరోగుల్లో సుమారు 3.5 శాతం మందిలో కనబడినట్లు 2020లో ప్రకటించారు. అదే సంవత్సరం జీబెర్గ్, పేబో అనే శాస్త్రజ్ఞులు, నియాండర్తాల్ మానవుల నుండి వచ్చిన మూడవ క్రోమోజోము భాగమొకటి కోవిడ్‌ను తీవ్రం చేస్తుందనీ, అది దక్షిణాసియాలో దాదాపు సగం మందిలో ఉన్నదనీ తెలిపారు. 2022లో జీబెర్గ్ మరొక సంగతి వెల్లడించారు. ఆ భాగమే హెచ్.ఐ.వి. సోకే అవకాశాన్ని 27 శాతం తగ్గిస్తున్నది! ఒక రోగంలో శత్రువైనది మరొక రోగంలో మిత్రమైనది. 1949 నాటి వ్యాసానికి ఇంతకంటే చక్కని ఉదాహరణ దొరకదు.

ఇందువలన జన్యువే విధి అని ఎవరూ తలచరాదు. కోవిడ్‌లో వయస్సు, మధుమేహం, టీకా వంటి కారణాల బలం చాలా పెద్దది. మశూచి విషయంలో మనుషుల జన్యుభేదాలన్నిటినీ టీకా జయించింది. 1980లో ఆ వ్యాధి భూమి మీద నుండి తొలగిపోయినట్లు ప్రకటించారు. పేదవాడు రోగంతో మరణిస్తే అతని పుట్టుకను నిందించే వాదాలను హాల్డేన్ జీవితమంతా ఎదిరించారు. 1938లో ప్రకటించిన గ్రంథంలో జాతుల ఆధిక్య సిద్ధాంతాన్ని శాస్త్రదృష్టితో ఖండించారు. మనుషులు భిన్నంగా ఉండటమే మానవజాతికి కవచమని ఆయన లెక్కలు చెబుతున్నవి. అనేక భాషలూ, మతాలూ, కులాలూ కలిసి చదువుకొనే మా వంటి కళాశాలలో ఈ మాట మరింత శ్రద్ధగా వినదగినది.

1962లో ఆయన భువనేశ్వర్ చేరి జన్యుశాస్త్ర పరిశోధనాలయం స్థాపించారు. కాన్సరు సోకినప్పుడు కూడా దిగులుపడక, ప్రజలు వేళకు పరీక్ష చేయించుకొనవలెనని హాస్యంగా ఒక కవిత వ్రాశారు. 1964 డిసెంబరు 1వ తేదీన కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు పంపారు. బ్రతికినంతకాలం ప్రయోగానికి వినియోగించిన ఆ శరీరాన్ని, మరణానంతరం తెలుగు విద్యార్థులు పాఠంగా చదువుకొన్నారు.