సముద్రం ఆనుపానులెరిగిన ఇబ్న్ మాజిద్

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాళ్లం, మనకు సముద్రం దూరమే. అయినా అక్టోబరు, నవంబరుల్లో మన చెరువుల్లో చేరే నీళ్లు బంగాళాఖాతం పుణ్యమే కదా! ఆ సముద్రపు గాలుల లెక్క రాసిపెట్టిన మహానుభావుడు అహ్మద్ ఇబ్న్ మాజిద్.

15వ శతాబ్దంలో అరేబియా తీరాన జుల్ఫార్‌లో పుట్టారు. తాతదీ తండ్రిదీ ఓడలు నడిపే విద్యే. 1490 ప్రాంతంలో రాసిన గ్రంథంలో నక్షత్రాలు, తీరాలు, ఏ మౌసమ్‌లో ఓడ కదలాలో వివరించారు. మన ఇళ్లలో అనుకునే ఆ మాటే ఇంగ్లీషువారికి మాన్‌సూన్ అయింది. గాలి మళ్లితే తీరపు నీరూ మళ్లుతుంది. మన ఆంధ్ర తీరంలో ఫిబ్రవరి, మార్చిల్లో ప్రవాహం ఉత్తరానికి పోతుంది. అక్టోబరు దాటాక గంగ, గోదావరి కలిపిన మంచినీటిని మోసుకుని దక్షిణానికి తిరుగుతుంది.

1498లో వాస్కోడగామాకు దారి చూపింది ఈయనేనని తర్వాత కొందరు నింద మోపారు. మేము ఒప్పుకోం. ఆ మాలిమి గుజరాతు వాడని పోర్చుగీసువారే రాసుకున్నారు.