కాలేయపు నీటితిత్తిని గుర్తించిన హకీం జకరియా రాజీ

యునానీ వైద్యం పేరెత్తగానే గుర్తుకొచ్చే మహనీయుల్లో అబూబక్ర్ ముహమ్మద్ బిన్ జకరియా రాజీ ఒకరు. ఆయన నేటి టెహ్రాన్ సమీపంలోని రయ్ నగరంలో హిజ్రీ 251 (క్రీ.శ. 865)లో జన్మించారు. యౌవనంలో సంగీతం, రసవాదం ఆయన్ను ఆకర్షించాయి. ముప్ఫై ఏళ్లు దాటాకే వైద్యవిద్య వైపు మళ్లారని చెబుతారు. అయినా ముందు రయ్‌లో, తర్వాత బాగ్దాద్‌లో ఆసుపత్రులకు పెద్ద హకీం అయ్యారు.

ఆయన వద్దకు వచ్చిన రోగిని ముందుగా శిష్యులు పరీక్షించేవారు. వారికి అంతుచిక్కని రోగాన్ని మాత్రమే ఆయన స్వయంగా చూసేవారు. బీదసాదలను ఎంతో దయతో ఆదరించేవారు. రోగి చెప్పిన బాధ, తాను చూసిన లక్షణం, ఇచ్చిన మందు, దాని ఫలితం రాసిపెట్టుకోవడం ఆయన అలవాటు. మశూచి, తట్టు వేర్వేరు జబ్బులని వివరించిన ఆయన గ్రంథం ప్రసిద్ధం. హకీం దొరకని సామాన్యుల కోసం కూడా ఒక పుస్తకం రాశారు.

క్రీ.శ. 900 ప్రాంతంలో ఆయన కాలేయంలో ఏర్పడే నీటితిత్తుల గురించి రాశారని వైద్య చరిత్రకారులు పేర్కొంటారు. నేటి వైద్యులు దీన్ని హైడాటిడ్ వ్యాధి అంటారు. దీనికి మూలం కుక్క పేగుల్లో ఉండే చిన్న బద్దెపురుగు. ఈ సంగతి 19వ శతాబ్దంలో గానీ రుజువు కాలేదు. గొర్రెల్లోని తిత్తులను కుక్కలకు తినిపిస్తే వాటి పేగుల్లో పురుగులు పెరగడం శాస్త్రజ్ఞులు అప్పుడు చూశారు.

కుక్క మలంతో బయటపడిన పురుగు గుడ్లు చేతుల ద్వారా, కడగని కూరల ద్వారా, నీటి ద్వారా మనిషి కడుపులోకి చేరతాయి. తిత్తి ఎక్కువగా కాలేయంలో, తర్వాత ఊపిరితిత్తుల్లో పెరుగుతుంది. ఏళ్ల తరబడి ఏ బాధా ఉండకపోవచ్చు. తిత్తి పెద్దదయ్యాక కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, బరువు, గడ్డ, వికారం, వాంతులు కలగవచ్చు. పైత్యనాళం మూసుకుంటే కామెర్లు వస్తాయి. ఊపిరితిత్తిలో ఉంటే దగ్గు, ఛాతీనొప్పి, ఆయాసం కనిపిస్తాయి. తిత్తి పగిలితే దద్దుర్లు, జ్వరం రావచ్చు. ఒక్కోసారి రోగి స్పృహ తప్పి ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ఇలాంటి గడ్డను మర్దన చేయించకూడదు, నాటువైద్యుల చేత సూది గుచ్చించకూడదు. స్కానింగ్‌లో తిత్తి తెలిసిపోతుంది. మందులు, శస్త్రచికిత్స ఉన్నాయి.

వృద్ధాప్యంలో రాజీ చూపు పోయింది. హిజ్రీ 313 (క్రీ.శ. 925)లో రయ్‌లోనే కన్నుమూశారు. ఆయన రాసిపెట్టుకున్న కాగితాలను శిష్యులు చేర్చి కూర్చినదే అల్‌హావీ అనే బృహద్గ్రంథం. అది 1279లో లాటిన్‌లోకి అనువాదమై యూరప్ వైద్యులకూ పాఠ్యమైంది.

ఆ మహావైద్యుడికి తెలియని కారణం నేడు మనకు తెలుసు. కనుక మన బాధ్యతా పెద్దదే. బక్రీద్ నాడు ఖుర్బానీ జంతువు కలేజాలోనో, ఊపిరితిత్తుల్లోనో నీటిబుడ్డలు కనిపిస్తే వాటిని వీధికుక్కలకు విసరకండి. లోతైన గుంట తీసి పూడ్చండి. కుక్కను తాకిన పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి. పచ్చిగా తినే కూరలను బాగా కడగండి. కుడిపక్క నొప్పి వదలకుండా ఉంటే అజీర్తి అని సరిపెట్టుకోక డాక్టరుకు చూపించండి.