కలియుగ భీముడి ఊపిరి

మా పొందూరు నుంచి శ్రీకాకుళం వెళ్తే అక్కడ కోడి రామమూర్తి స్టేడియం ఉంటుంది. ఆ పేరు గల మహానుభావుడి కథే ఈ రోజు పోస్ట్.

రామమూర్తి నాయుడు గారు 1882లో వీరఘట్టంలో పుట్టారు. విజయనగరంలో బాబాయి గారింట్లో పెరుగుతూ కుస్తీ నేర్చుకున్నారు. మద్రాసు సైదాపేటలో శిక్షణ పొంది వచ్చి, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేశారు. తర్వాత సర్కస్ కంపెనీ పెట్టారు. ఒంటికి ఇనుప గొలుసు చుట్టించుకుని, ఊపిరి బిగబట్టి ఛాతీ పొంగిస్తే గొలుసు పటుక్కున తెగిపోయేది. గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకునేవారు. మరి తినేది? పూర్తి శాకాహారం. రోజూ చేసే సాధన ప్రాణాయామం. జనం ఆయన్ని కలియుగ భీముడు అన్నారు.

చివరి రోజుల్లో కాలికి పుండు పడి, కాలు తీసేయాల్సి వచ్చింది. అప్పుడు మత్తుమందు వద్దని, ప్రాణాయామంతోనే ఆ బాధ ఓర్చుకున్నారని చెప్తారు. 1942లో ఒడిశాలోని బలంగీర్‌లో కన్నుమూశారు.

ఇంటర్వ్యూ ముందు మనకి గుండె దడదడలాడుతుంది కదా? భయం వేస్తే ఊపిరి పైపైన, గబగబా ఆడుతుంది. దాంతో కంగారు ఇంకా పెరుగుతుంది. అప్పుడు ముక్కుతో నెమ్మదిగా పీల్చి, అంతకంటే నెమ్మదిగా వదలండి. గుండె వేగం తగ్గుతుంది. ఆయనలా బిగబట్టడం మాత్రం గురువు లేకుండా వద్దు. కంగారు మాటిమాటికీ వస్తుంటే డాక్టర్‌ని కలవండి.

భీముడూ, హనుమంతుడూ ఇద్దరూ వాయుపుత్రులే. ఆ వాయువే మన ముక్కులోనూ ఆడుతోంది.

జై హనుమాన్!