జలశిల్పి మోక్షగుండం విశ్వేశ్వరయ్య

పొదిలి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతం మెట్టభూముల సీమ. వర్షాలు మొగం చాటేసిన ఏట చెరువులెండి, బావులడుగంటి, కడివెడు నీటికోసం మైళ్ళకొద్దీ నడిచిన ప్రజల నేల ఇది. ఈ ప్రాంతంలోనే, బేస్తవారిపేట మండలంలో మోక్షగుండం అనే గ్రామం ఉంది. ఆ ఊరిపేరునే ఇంటిపేరుగా గల ఒక మహనీయుడు దేశంలోని అనేక నగరాల దాహం తీర్చారు. ఆయనే సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

విశ్వేశ్వరయ్య పూర్వీకులు తెలుగువారు. కొన్ని తరాలకు పూర్వం వారు మోక్షగుండం విడిచి మైసూరు సంస్థానానికి వలసవెళ్ళారు. అక్కడి ముద్దెనహళ్ళి గ్రామంలో 1861 సెప్టెంబరు 15న శ్రీనివాసశాస్త్రి, వెంకటలక్ష్మమ్మ దంపతులకు ఆయన జన్మించారు. తండ్రి సంస్కృత పండితులే కాని సంపన్నులు కారు. చిన్నతనంలోనే తండ్రి గతించగా, బెంగుళూరులో మేనమామ అండతో చదువు సాగింది. పిల్లలకు పాఠాలు చెప్పి సంపాదించిన పైకంతో ఆయన సెంట్రల్ కళాశాలలో బి.ఏ. పూర్తిచేశారు. మైసూరు ప్రభుత్వ విద్యార్థివేతనంతో పూనాలో ఇంజనీరింగు చదివి, 1883లో ప్రథమస్థానంలో ఉత్తీర్ణులయ్యారు.

1884లో ఆయన బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో చేరారు. సింధు ప్రాంతంలోని సుక్కూరు పట్టణం నది ఒడ్డునే ఉన్నా, అక్కడి ప్రజలకు బురదనీరే గతి. వడపోత కేంద్రం నిర్మించే స్తోమత పురపాలక సంఘానికి లేదు. విశ్వేశ్వరయ్య నదీగర్భంలోనే బావి తవ్వించారు. ఇసుక పొరలగుండా ఊరిన నీరు తనంత తానే తేటపడి బావిని చేరింది. తక్కువ ఖర్చుతో పట్టణానికి మంచినీరు లభించింది.

పూనాకు నీరందించే ఖడక్‌వాస్లా జలాశయం సమస్య వేరు. వానాకాలంలో అదనపు నీరు అలుగుమీదుగా వృథాగా పోయేది. ఆనకట్ట ఎత్తు పెంచడం ఖర్చుతోను, ప్రమాదంతోను కూడిన పని. ఆయన 1903లో అలుగుపై స్వయంచాలక తలుపులను అమర్చారు. నీటిమట్టం హద్దు దాటగానే అవి తెరచుకొనేవి. వరద తగ్గగానే మూసుకొనేవి. పాత ఆనకట్టతోనే మరో ఎనిమిది అడుగుల నీరు నిలిచింది.

1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీనది ఉగ్రరూపం దాల్చింది. దాదాపు పదిహేనువేలమంది మరణించినట్లు అంచనా. అప్పటికి ఉద్యోగం నుండి వైదొలగి విదేశయాత్రలో ఉన్న విశ్వేశ్వరయ్యను నిజాం ప్రభుత్వం ఆహ్వానించింది. 1909లో ఆయన హైదరాబాదు చేరి, వర్షపాతాన్నీ నదీ ప్రవాహాన్నీ నిశితంగా పరిశీలించారు. ఎగువన ఉన్న చెరువుల్లో రెండువందలకు పైగా తెగడం వరద తీవ్రతను పెంచిందని గుర్తించారు. నగరంలో గట్లు కట్టినంత మాత్రాన ముప్పు తప్పదనీ, నీటిని ఎగువనే ఆపాలనీ నిర్ణయించారు. మూసీపైన, దాని ఉపనది ఈసీపైన జలాశయాలను ప్రతిపాదించారు. ఆ ఆలోచన ఫలితంగానే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ప్రాణాలు తీసిన వరదనీరే నగరానికి తాగునీరైంది. మురుగుపారుదల లేని నగరంలో ఆరోగ్యం నిలవదని భావించి, భూగర్భ మురుగుకాలువలకు కూడా ఆయన పథకం రూపొందించారు.

1909లోనే మైసూరు చీఫ్ ఇంజనీరుగా నియమితులై, కావేరిపై కృష్ణరాజసాగర నిర్మాణానికి పూనుకొన్నారు. 1911లో మొదలైన ఆ ఆనకట్ట మండ్య ప్రాంతపు పొలాలకు సాగునీటిని, శివసముద్రం విద్యుత్కేంద్రానికి నిలకడైన ప్రవాహాన్ని సమకూర్చింది. 1912లో ఆయన మైసూరు దివాను అయ్యారు. ప్రజాజీవితానికి నీరూ వెలుగూ చాలవనీ, విద్యా సంస్కారాలూ అవసరమనీ ఆయన తలంపు. 1913లో మైసూరు బ్యాంకు, 1915లో కన్నడ సాహిత్య పరిషత్తు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగుళూరు సెంచురీ క్లబ్బు ఆయన చొరవతో ఏర్పడినవే.

ఉద్యోగాలలో వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక అవకాశాలు కల్పించాలని మహారాజు సంకల్పించగా, పరీక్షలో చూపిన యోగ్యతే ప్రమాణం కావాలని ఆయన వాదించారు. ఆ భేదాభిప్రాయంతోనే 1918లో పదవి వదులుకొన్నారు. చదువే అందనివారికి ఆ ప్రమాణం న్యాయం చేయజాలదని భావించినవారు నాడూ ఉన్నారు, నేడూ ఉన్నారు. ఆ తరువాత భద్రావతి ఇనుము కర్మాగారం పాలకమండలి అధ్యక్షులుగా పనిచేసి, ఆ సేవకు లభించిన పారితోషికాన్ని వృత్తివిద్యాలయ స్థాపనకు వినియోగింపజేశారు.

1955లో భారత ప్రభుత్వం ఆయనను భారతరత్నతో గౌరవించింది. నూరేళ్ళ నిండు జీవితం గడిపి, 1962 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశారు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15ను దేశం ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొంటున్నది. ప్రజాధనంలో ప్రతి రూపాయికీ, ప్రకృతి ప్రసాదించిన ప్రతి నీటిబొట్టుకూ లెక్క చెప్పగల దక్షతయే నిజమైన ప్రజాసేవ అని ఆయన జీవితం చాటుతున్నది. నీటి విలువ అనుభవపూర్వకంగా ఎరిగిన మెట్టసీమ ప్రజలకు ఈ సందేశం మరింత ఆదరణీయం.