రోజీ కాదు, డాక్టర్ ఫ్రాంక్లిన్

మా ఆఫీసుల ఇద్దరు ఇంజినీర్లున్నరు. ఇద్దరిది ఒకటే హోదా. ఆయన వస్తే సార్ వచ్చిండ్రు అంటం. ఆమె వస్తే ఆమె వచ్చింది అంటం. బస్సూ వచ్చింది, పిల్లీ వచ్చింది, ఆమె కూడా వచ్చింది! ఏండ్ల సంది నేనూ గిట్లనే మాట్లాడిన, తప్పనిపియ్యలే. రోజలిండ్ ఫ్రాంక్లిన్ గారి జీవితం చదివినంక సోయికొచ్చిన.

ఆమె 1920 జూలై 25న లండన్‌ల పుట్టిండ్రు. 1938ల కేంబ్రిడ్జిల చేరి రసాయనశాస్త్రం చదివిండ్రు. యుద్ధం రోజులల్ల బొగ్గు మీద పరిశోధన చేసి, 1945ల డాక్టరేట్ తీసుకున్నరు. 1947ల పారిస్ పోయి, ఎక్స్‌రేలతోటి పదార్థం లోపలి అమరికను చూసే విద్యల ఆరితేరిండ్రు.

1951 జనవరిల లండన్ కింగ్స్ కాలేజీకి వచ్చిండ్రు. తల్లిదండ్రుల గుణాలను పిల్లలకు మోసే డీఎన్‌ఏ ఎట్లుంటదో తేల్చే పని ఆమెది. ఆ పని ఆమెనే చూసుకోవాలని ల్యాబ్ పెద్ద జాన్ రాండల్ ఉత్తరం రాసిండ్రు. గా ముచ్చట, అప్పటికే డీఎన్‌ఏ మీద పనిచేస్తున్న మారిస్ విల్కిన్స్‌కు చెప్పలే. ఆమె తనకు సాయం చేయనీకి వచ్చిండ్రని విల్కిన్స్ అనుకున్నరు. అక్కడ్నే తేడా వచ్చింది. కాలేజీల మగ స్టాఫ్‌కు వేరే గది ఉండె, ఆమె అందులకు పోరాదు. ఇగ వెనుక నుంచి పెట్టిన పేరు రోజీ. ముంగట అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేకుండె.

1952 మేల ఆమె, ఆమె దగ్గర చదువుకుంటున్న రేమండ్ గోస్లింగ్ కలిసి డీఎన్‌ఏ ఫొటో తీసిండ్రు. అదే 51వ నంబరు ఫొటో. 1953 జనవరిల విల్కిన్స్ దాన్ని జేమ్స్ వాట్సన్‌కు చూపెట్టిండ్రు. ఆమెను అడగలే. ఆ ఏప్రిల్‌ల వాట్సన్, క్రిక్‌ల డీఎన్‌ఏ నమూనా నేచర్ పత్రికల వచ్చింది.

అప్పటికే ఆమె బిర్క్‌బెక్ కాలేజీకి పోయి, పొగాకు మొక్కలకు తెగులు తెచ్చే వైరస్ మీద పడ్డరు. 1958 ఏప్రిల్ 16న అండాశయ క్యాన్సర్‌తోటి పోయిండ్రు. 37 ఏండ్లే. 1962ల నోబెల్ వాట్సన్, క్రిక్, విల్కిన్స్‌లకు వచ్చింది.

1968ల వాట్సన్ రాసిన పుస్తకంల ఆమె పేరు రోజీనే. ఆమె బట్టలు, లిప్‌స్టిక్ పెట్టుకోకపోవుడు కూడా అందుల ఉన్నయి. తను మొదట్ల అనుకున్నది తప్పని పుస్తకం చివర్ల ఒప్పుకున్నరు గానీ, అప్పటికి ఆమె లేరు. లోకం రోజీనే గుర్తుపెట్టుకుంది. దాన్ని సరిచేయనీకి ఆమె దోస్తు ఆన్ సేర్ 1975ల ఇంకో పుస్తకం రాయాల్సి వచ్చింది.

ఒక్క పేరుతోనే ఇంత అన్యాయం జరిగిందని నేననను. కానీ మనిషిని మాటల తక్కువ జేస్తే, ఆమె పనిని అడగకుండ తీసుకునుడు అల్కగైతది. మీటింగుల ఆమె చెప్పిన ఉపాయం, పది నిమిషాలకు ఇంకో సార్ పేరు మీదికి మారుడు నేను కండ్లార చూసిన.

ఇంట్ల అమ్మ వచ్చింది అంటే అది ప్రేమ. ఆఫీసు లెక్క వేరు. అక్కడ ఇద్దరికీ ఒకటే కొలత ఉండాలె. సార్ వచ్చిండ్రు అంటే మేడం కూడా వచ్చిండ్రు అనాలె. మొన్న మేడం రిపోర్టు ఇచ్చిండ్రు అన్న. పక్క సీటాయన నవ్విండ్రు. నవ్వనీయుండ్రి. రేపు కూడా అట్లనే అంట.